కంటికి వచ్చిన పురుడు

మా ఇంట్లో ఆఖరుసారి పురుడు పాటించింది నా ఎడమ కంటి కోసం. ఈ మాట చెప్తే వినేవాళ్ళు ముందు నవ్వుతారు, తరవాత నేను కూడా నవ్వుతున్నానో లేదో అని నా మొహం చూస్తారు. అప్పట్లో నాకు నవ్వు రాలేదు. ఒళ్ళు మండిపోయింది.

రెండు వేల సంవత్సరం దాటి రెండు మూడేళ్ళయి ఉంటుంది. నేను విజయవాడ నుంచి కంకిపాడు, ఉయ్యూరు మీదుగా చల్లపల్లి దాకా బస్సు నడిపేవాణ్ణి. భవానీపురంలో రెండు గదుల ఇల్లు. అమ్మ, నా భార్య, నేను. నాకు కోపం ఎక్కువని డిపోలో ఒక పేరుండేది. అది శుద్ధ అన్యాయం. నాకు కోపం లేదు, రోడ్డు మీద పోయేవాళ్ళకు బుద్ధి లేదు. రోడ్డుకు అడ్డంగా గేదెల్ని తోలుకుంటూ ఆకాశం చూసేవాడికీ, ఇంటి ఎత్తున వరిగడ్డి వేసుకుని ట్రాక్టరు మీద ఊగుతూ పోయేవాడికీ నాలుగు మంచి మాటలు చెప్పడం కూడా డ్యూటీలో భాగమే అనుకునేవాణ్ణి. కంకిపాడు సెంటర్లో నా హారన్ వినబడితే కూరగాయల బండ్లు వాటంతటవే పక్కకు జరిగేవి. నేను గర్వపడేది ఆ ఒక్క విషయానికే.

ఆ నోరే నా కంటి మీదికి తెచ్చింది. రెండేళ్ళకోసారి ఎండాకాలంలో ఇంటికి వెల్ల వేయించడం మాకు అలవాటు. ఆ రోజు నాకు సెలవు. వెల్ల వేసే మనిషి పెరట్లో పాత రేకు డ్రమ్ములో గుల్లసున్నం వేసి నీళ్ళు పోశాడు. అది కుతకుతా ఉడుకుతోంది. అందులోకి నీలిమందు గుప్పెళ్ళతో వేస్తున్నాడు. నేను వరండాలో టీ తాగుతున్నవాణ్ణి ఊరుకోవచ్చు గదా!

"ఏంటయ్యా అది? ఇంటికి వెల్ల వేస్తున్నావా, నా బనీన్లకు నీలం పెడుతున్నావా?" అని అరుస్తూ వెళ్ళి డ్రమ్ము మీదికి వంగాను. అడుగున పెద్ద గడ్డ ఒకటి అప్పుడే పగిలినట్టుంది. టప్పుమని చిమ్మి నా మొహం మీద పడింది. కుడి కన్ను ఎలాగో మూసుకున్నాను. ఎడమ కన్ను మూసేలోపే సున్నం లోపలికి పోయింది.

ఆ మంట ఎలాంటిదో చెప్పను. అమ్మ వంటింట్లోంచి నేతి గిన్నె పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. నా భార్య నా జుట్టు పట్టుకుని పంపు కిందికి లాక్కుపోయింది.

"నెయ్యి వేస్తే చల్లబడుద్దే అమ్మాయ్!"

"ముందు సున్నం పోవాలి గదత్తయ్యా!"

నా తల కోసం ఇద్దరూ పెనుగులాడుతుంటే పక్కింటి పిన్నిగారు వచ్చారు. పక్కింట్లో కుట్టుమిషన్లు రిపేరు చేసే సాయిబుగారుండేవారు, ఆయన భార్య. ఆవిడ మా అమ్మ చేతిలోంచి నేతి గిన్నె లాగేసుకుని, "ఉండు వదినా, నీళ్ళే మంచిది" అని తను కూడా వచ్చి నా తల అదిమి పట్టుకున్నారు. ఆటో వచ్చేదాకా ఇద్దరాడవాళ్ళూ నన్ను పంపు కింద ముంచుతూనే ఉన్నారు. ఆ పంపు లేకపోతే కన్ను ఆ రోజే పోయేదని తరవాత ఆస్పత్రిలో చెప్పారు.

ఆస్పత్రిలో రెప్పలు తిరగేసి సున్నం ముక్కలు ఏరారు, కడిగారు, చుక్కల మందులిచ్చారు. వారాలు గడిచాయి. నొప్పి కాస్త తగ్గింది గానీ చూపు రాలేదు. నల్లగుడ్డు మీద చర్మం లాంటి పైపొర ఒకటుంటుందట, అది కాలి లేచిపోయింది, మళ్ళీ పెరగనంటోంది. వెలుతురు చూస్తే నీళ్ళు కారడం, ఎదురుగా మనిషి నిలబడితే ఒక నీడ కనబడడం, అంతే.

నాకు పట్టుకున్న భయం నొప్పి గురించి కాదు. రెండు కళ్ళూ సరిగ్గా కనబడుతున్నాయని డాక్టరు రాసిస్తే గాని మాకు స్టీరింగు ముట్టుకోనివ్వరు. మా డిపోలో ఒకాయన ఒక కంటి చూపు తగ్గి బస్సు దిగాల్సి వచ్చింది. ఆయన్ని గేటు దగ్గర కుర్చీ వేసి కూచోబెట్టారు. జీతం వచ్చేది, మర్యాదకు లోటు లేదు. వచ్చే బస్సునూ పోయే బస్సునూ చూస్తూ రోజంతా అక్కడే కూచునేవాడు. నేను బస్సు బయటికి తీసేటప్పుడు ఆయన చెయ్యి ఊపేవాడు, నేను మాత్రం ఆయన మొహం చూడలేకపోయేవాణ్ణి. ఆ కుర్చీలో నన్ను నేను ఊహించుకుంటే అన్నం లోపలికి దిగేది కాదు.

కంటి డాక్టరమ్మ నాకంటే చాలా చిన్నది. ఎంత పెద్ద విషయమైనా మెల్లగా చెప్పేది, అది నాకు ఇంకా చిరాకు.

"డ్రైవర్ గారూ, మందులతో పైపొర రావడం లేదు. ఇలాగే వదిలేస్తే నల్లగుడ్డు మీద తెల్లగా మచ్చ కట్టేస్తుంది. ఒక పొర తెచ్చి కప్పుదాం" అంది.

"ఏం పొర?"

"కడుపులో బిడ్డ చుట్టూ ఉమ్మనీటి సంచి ఉంటుంది కదండీ, దాని లోపలి పొర. ఉల్లిపొరంత పల్చగా ఉంటుంది. దాన్ని కంటి మీద పరిచి కుట్లు వేస్తాం. వాపు తగ్గుతుంది, దాని అండ చూసుకుని మీ కంటి పొర మళ్ళీ పెరుగుతుంది. కొన్ని వారాల్లో అదే కరిగిపోతుంది."

నేను కుర్చీలోంచి లేచాను. "ఏమ్మా, బస్సు నడిపేవాడి కంట్లో పెట్టడానికి మీకింకేం దొరకలేదా?"

"ఇదే దొరకడం కష్టం. కూర్చోండి" అంది ఆవిడ, అదే గొంతుతో.

అప్పటిదాకా గోడవారగా బెంచీ మీద కూచున్న అమ్మ ముందుకు వంగింది. "బిడ్డ తరవాత పడే మాయలోదేనా అమ్మా?"

"అదేనమ్మా. మాయను అంటుకునే ఉంటుంది."

"ఎవరిది?"

"తెలియదమ్మా. ముందే అనుకుని ఆపరేషన్ చేసే కాన్పులుంటాయి కదా, ఆ తల్లుల్ని అడిగి, వాళ్ళు సరేనంటే, రక్తపరీక్షలన్నీ చేసి తీసుకుంటారు. మా దగ్గరికొచ్చేసరికి ఫ్రీజర్లో ఒక సీసా, దాని మీదొక నంబరు. అంతకంటే నాకు కూడా తెలియదు. ఆ బిడ్డ పుట్టి నెల్లయినా అయి ఉండచ్చు, ఏడాదైనా అయి ఉండచ్చు."

అమ్మ ఇంకేం మాట్లాడలేదు. అమ్మ మాట్లాడకపోతే నేను జాగ్రత్త పడాల్సింది. నాకా తెలివి ఎక్కడేడ్చింది!

ఆపరేషన్ అయింది. కంటి మీద తెల్లటి పొగమంచు కప్పినట్టుండేది, బల్బు వెలుతురు మాత్రం తెలిసేది. మూడోనాడు ఆటో దిగి ఇంటి గేటు తీయబోతే అమ్మ లోపలినుంచి కేకేసింది.

"అక్కడే ఆగు! పెరటి వైపునుంచి రా. మనకు పురుడొచ్చింది."

మా వైపు ఇంట్లో బిడ్డ పుడితే పది రోజులు దేవుడి దగ్గర దీపం పెట్టరు, శుభకార్యాలకు వెళ్ళరు, ఎవరింటి గడపా తొక్కరు. అది పురుడు. అంతవరకూ నాకూ తెలుసు. మా ఇంట్లో ఎవరికీ బిడ్డ పుట్టలేదు. మాకు పిల్లలే లేరు.

"ఎవరికి పుట్టారే?" అన్నాను.

"ఎవరికో పుట్టారు. మాయ మనింటికొచ్చింది గదా!"

నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. నా భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది. ఆవిడ నవ్వుతోందో దగ్గుతోందో నా ఒంటికన్నుకు తెలియలేదు. అమ్మ నా కంచం, నా చెంబు విడిగా పెట్టింది. వెనక గదిలో నులకమంచం వేసింది. ఆ రోజునుంచి దేవుడి గూట్లో దీపం లేదు, శుక్రవారం కొండ మీది అమ్మవారి గుడికి వెళ్ళడం లేదు.

నా గొడవ పడలేక నా భార్య పంతులుగారిని పిలుచుకొచ్చింది. ఆయన పెరట్లో నిలబడి సంగతంతా విని గడ్డం గోక్కున్నారు.

"దీని ప్రస్తావన శాస్త్రంలో ఎక్కడా లేదమ్మా."

"పాటించొద్దని ఉందా?" అంది అమ్మ.

"వద్దనీ లేదు."

"అయితే పాటిస్తాం."

"పాటించండి, పోయేదేముంది? పది రోజులేగా" అని ఆయన వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయారు. పది రోజులే గదా అని నేనూ పళ్ళు బిగబట్టుకున్నాను. ఆ సాయంత్రం పక్కింటి పిన్నిగారు గోడ దగ్గరికొచ్చారు. ఆవిడ మంచికే చెప్పారు, నాకు మాత్రం ఉరి వేసినట్టయింది.

"మాలో అయితే నలభై రోజులు వదినా. తల్లి గడప దాటదు."

అమ్మ తెల్లబోయింది. ఆలోచించింది. ఆ బిడ్డ ఎవరి బిడ్డో తెలియదు. మనవాళ్ళ బిడ్డో, సాయిబుల బిడ్డో, ఇంకెవరి బిడ్డో. పది రోజులు పాటించి ఊరుకున్నాక, అయ్యో నలభై పాటించాల్సిందని తెలిస్తే వెనక్కి పోతామా? కాబట్టి నలభై. అంతటితో ఆగిందా! మర్నాడు చుక్కల మందు కోసం ఆస్పత్రికి పోతే అక్కడి నర్సమ్మను పట్టుకుంది. ఆవిడ క్రైస్తవురాలు.

"మీలో ఎన్ని రోజులమ్మా?"

"మాలో అలాంటివేం లేవండీ, ప్రార్థన చేసుకుంటాం."

"అయితే అది కూడా ఒకటి చేసెయ్యమ్మా, పుణ్యముంటుంది."

నర్సమ్మ ఒక చేత్తో మందు సీసా పట్టుకునే కళ్ళు మూసుకుంది. నడవాలో జనమంతా చూస్తుండగా పేరూ ఊరూ తెలియని ఒక తల్లినీ బిడ్డనూ చల్లగా చూడమని ప్రభువును వేడుకుంది. అమ్మ దణ్ణం పెట్టింది. నా కంటి సంగతి ఇద్దరిలో ఒక్కళ్ళూ ఎత్తలేదు.

ఇక మొదలైంది నా బాలింతరికం. చెవుల్లో దూది. తలకు గుడ్డ. తాగడానికి వేడినీళ్ళు. పెరుగు లేదు, పులుసు లేదు, వంకాయ లేదు. మొదటి ముద్దలో వెల్లుల్లి కారం, నెయ్యి. పొద్దున్నే పరగడుపున బాలింతలకు పెట్టే ఘాటైన కాయం ఉండ, అది నోట్లో పడితే కంటి మంట కూడా మర్చిపోయేవాణ్ణి. సాంబ్రాణి ధూపం వేస్తానని నిప్పులు తెస్తే నా భార్య అడ్డం పడింది.

"పొగ కంటికి మంచిది కాదత్తయ్యా!"

"అయితే కాళ్ళకు పట్టు" అంది అమ్మ. నా కాళ్ళకు సాంబ్రాణి పట్టారు. నలభై దాటిన మనిషిని, మీసాలున్నవాణ్ణి, మంచం మీద కాళ్ళు చాపుకుని ధూపం పట్టించుకున్నాను.

భోజనమయ్యాక తాంబూలం తెచ్చింది. "వేసుకోరా, పచ్చి ఒంటికి మంచిది."

"అందులో సున్నముందా?"

"చిటికెడు."

"ఆ ఆకు నా కళ్ళ ముందుకు తెచ్చావంటే చూడు!"

పోనీ డాక్టరమ్మన్నా మందలిస్తుందని ఆస్పత్రికెళ్ళినప్పుడు మొత్తం ఏకరువు పెట్టాను. తలంటు లేదంటోంది, ఎండలోకి పోనివ్వదు, గాలి తగలనివ్వదు, గదిలోంచి కదలనివ్వదు అన్నాను. ఆవిడ శ్రద్ధగా విని, "నేను చెప్పేది కూడా అదేనండీ. కంట్లో నీళ్ళు పడకూడదు, దుమ్ము పడకూడదు. మీరు నా మాట వినేరకం కాదనే అనుకున్నాను. అమ్మగారు బాగా చూసుకుంటున్నారు" అంది. ఆ రోజు ఆటోలో అమ్మ నాకేసి చూసిన చూపు ఉంది చూడండీ, పరాయివాళ్ళయితే పోట్లాడేవాణ్ణి.

ఒకరోజు మా వీధి చివరివాళ్ళు పెళ్ళి పిలుపులకు వచ్చారు. బొట్టు పెట్టబోతే అమ్మ రెండడుగులు వెనక్కి వేసింది.

"మాకు పురుడండీ. రాకూడదు."

బొట్టు పెట్టబోయినావిడ మొహం వికసించింది. "అయ్యో, చెప్పనేలేదేం! మీ కోడలికా?"

"కాదండీ, మా అబ్బాయికి."

వెనక గదిలోంచి నాకు అంతా వినబడుతోంది. కుంకుమ భరిణె మూత పడిన చప్పుడైంది. తరవాత ఆవిడ "తల్లీబిడ్డా క్షేమమేనా?" అంది, ఇంకేం అనాలో తోచక కాబోలు. "క్షేమమే ఉండాలండీ" అంది అమ్మ. పెళ్ళివాళ్ళు గేటు దాటాక కూడా చాలాసేపు మా ఇంటికేసి చూస్తూ నిలబడ్డారని నా భార్య చెప్పింది.

ఈ కబురు డిపోకి చేరకుండా ఉంటుందా? ఆదివారం ముగ్గురు డ్రైవర్లు, ఒక కండక్టరు చూడ్డానికొచ్చారు. బత్తాయిలతో పాటు పిల్లలాడుకునే గిలక్కాయ ఒకటి తెచ్చారు. దాన్ని నా మంచానికి కట్టారు.

"ఏరా, కాన్పు సెలవు పెట్టావంటగా?"

"పోలికలు ఎవరివిరా? నీవి కాకుండా ఉంటే చాలు!"

నేను తిట్టగలిగినంత తిట్టాను. వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వారు, చివరికి నేను కూడా నవ్వాను. ఆ నవ్వుల్లో కండక్టరు నోరు జారాడు. నా బస్సు ఇంకొకతనికి ఇచ్చేశారట, అతనికి రూటు అలవాటైపోయిందట. గేటు దగ్గర కూచునే ఆయన వచ్చే నెల రిటైరవుతున్నాడట. ఒకడు గిలక్కాయను ఊరికే వేలితో కదిపాడు. వాళ్ళు వెళ్ళిపోయాక నేను అన్నం తినలేదు.

మర్నాడు పొద్దున్నే ఖాకీ బట్టలు వేసుకున్నాను. చెవుల్లో దూది పీకి పారేశాను. నల్లద్దాలు పెట్టుకుని గేటు దగ్గరికి నడిచాను. ఏం చేద్దామని వెళుతున్నానో నాకే తెలియదు. ఆఫీసరు కాళ్ళు పట్టుకుందామనో, కాలరు పట్టుకుందామనో. నా బస్సులో ఇంకొకడు కూచున్నాడన్న మాట ఒక్కటే తలలో తిరుగుతోంది. అమ్మ గేటు రెండు రెక్కలూ పట్టుకుని అడ్డం నిలబడింది.

"ఎక్కడికి?"

"డిపోకి."

"నలభై కాలేదు."

"నీ నలభై నువ్వు పాటించుకో! తప్పుకో!" గేదెల్ని కూడా నేనెప్పుడూ అంత గట్టిగా అదిలించలేదు. పిన్నిగారు గోడ దగ్గరికొచ్చి నిలబడ్డారు. నా భార్య పిండి చేతులతోనే బయటికొచ్చింది.

"కంట్లో దుమ్ము పడుద్దిరా."

"పడనీ. పోతే నా కన్నేగా పోయేది!"

"నీ కన్ను పోతే నీకింకోటుందిరా!" అని అరిచింది అమ్మ. "ఆ తల్లికి ఇంకో బిడ్డ ఉందో లేదో నీకు తెలుసా?"

నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. కన్నతల్లి అనాల్సిన మాటేనా అది? "మధ్యలో ఆ తల్లికేమయిందే?" అన్నాను.

"ఆవిడ మాయ పూడ్చలేదు గదరా. గొయ్యి తియ్యలేదు, పైన రాయి పెట్టలేదు. తెచ్చి నీ కంట్లో పెట్టారు. అది అందులో కలిసిపోయేదాకా దాన్ని మనమే గదా కాచుకోవాల్సింది? నువ్వు తీసుకుపోయి కంకిపాడు దుమ్ములో తిప్పుతానంటే నేనెట్టా ఊరుకుంటాను? దాని బిడ్డకేమన్నా అయితే ఎవరిది పాపం?"

అమ్మ గేటు వదల్లేదు. గేటు పట్టుకునే చెప్పింది. నాకంటే ముందు అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టిందట. నాకు ఒక అక్క ఉండేదని నలభై దాటిన నాకు ఆ రోజుదాకా తెలియదు. చల్లపల్లి దగ్గర అమ్మ పుట్టిన ఊళ్ళో, ముసురు పట్టిన రోజుల్లో కాన్పయింది. మంత్రసాని మాయను పెరట్లో పూడ్చింది. పార వేస్తే నీళ్ళూరుతున్నాయట, లోతుగా తియ్యలేకపోయింది. కుక్కలు వచ్చి గోకడం లోపల మంచం మీదున్న అమ్మకు వినబడిందట.

"లేచి పోలేను. చూడండి, ఎవరన్నా పోయి చూడండి అని అరుస్తానే ఉన్నాను. బాలింత సంధి పుట్టి అరుస్తోందన్నారు. మూడోనాడు పిల్ల పోయింది."

పిన్నిగారు గోడ అవతల కళ్ళు తుడుచుకున్నారు. "దానికీ దీనికీ సంబంధం లేదే అమ్మా" అన్నాను.

"లేదని నువ్వంటున్నావు. ఉంటేనో?"

ఇన్నాళ్ళూ మైలకు భయపడి నన్ను గదిలో పెట్టిందనుకున్నాను. అమ్మ మైలకు భయపడలేదు. పూడ్చకుండా మిగిలిపోయిన దాన్ని నా కంట్లో పెట్టుకుని నేను తిరుగుతుంటే, ఈసారైనా కుక్కలు రాకుండా కాపలా కాసింది. ఎవరి బిడ్డో తెలియని బిడ్డ కోసం. నేను లోపలికెళ్ళి ఖాకీ బట్టలు విప్పి మడతపెట్టాను. కిందపడ్డ దూది తీసి పారేసి, డబ్బాలోంచి కొత్తది తీసి నా చెవుల్లో నేనే పెట్టుకున్నాను.

మిగిలిన రోజులు నేను నోరెత్తలేదు. కాయం ఉండ ఇస్తే మింగాను. సాంబ్రాణి తెస్తే కాళ్ళు నేనే చాపాను. పొగమంచు రోజురోజుకూ పల్చబడుతున్నట్టే అనిపించేది, ఒక్కోరోజు మళ్ళీ చిక్కబడ్డట్టూ అనిపించేది. పొద్దున లేవగానే కుడి కన్ను మూసి గోడ మీది క్యాలెండరు చూసేవాణ్ణి. అంకెలు అలుక్కుపోయి కనబడేవి. భయంతో వెంటనే కుడి కన్ను తెరిచేసేవాణ్ణి.

నలభై నిండాక అమ్మ ఇల్లంతా కడిగించింది. అందరం స్నానాలు చేశాం. నాకు మాత్రం కంట్లో చుక్క పడకుండా తడిగుడ్డతో తుడిచింది. దేవుడి గూట్లో దీపం పెట్టి, ముగ్గురం ఆస్పత్రికి వెళ్ళాం. ఆ రోజు చూపు పరీక్ష చేసి డాక్టరమ్మ కాగితం రాసివ్వాలి. నేను స్టీరింగు ముందు కూచుంటానా, గేటు దగ్గర కూచుంటానా అన్నది ఆ గదిలో తేలిపోవాలి.

డాక్టరమ్మ నా కుడి కన్ను మూసి, గోడ మీది అక్షరాలు చదవమంది. పెద్దక్షరం చదివాను. కింది వరస చదివాను. దాని కిందది చదివాను. చదువుతూనే ఉన్నాను. అడుగు వరసలో ఒక అక్షరం తప్పాను. ఆ అక్షరం గోడ మీదే తప్పుగా రాశారని వాదించాను. ఆవిడ నవ్వింది. ఆవిడ గట్టిగా నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

"మీ బస్సు మీరు నడుపుకోవచ్చు డ్రైవర్ గారూ. మీ డిపో డాక్టరు ఇంకోసారి చూస్తారు. ఇలాగే చదవండి, వాదించకండి."

నా భార్య బెంచీ మీద కూలబడి ఏడ్చేసింది. నేను డాక్టరమ్మకు దణ్ణం పెట్టాలా, అరవాలా, గంతెయ్యాలా తెలియక కుర్చీ చేతులు పట్టుకుని కూచున్నాను. డాక్టరమ్మ కాగితం రాస్తోంది. అమ్మ మెల్లగా లేచి బల్ల దగ్గరికొచ్చింది.

"ఆ పొర ఇంకా ఉందా అమ్మా?"

"లేదమ్మా, కరిగిపోయింది. ఇప్పుడున్నదంతా మీ అబ్బాయి సొంతమే."

"అయితే ఆ బిడ్డ?" అంది అమ్మ. "బాగానే ఉందా?"

డాక్టరమ్మ కలం ఆగింది. తలెత్తి అమ్మ మొహంలోకి చూసింది.

"ఉందమ్మా. భేషుగ్గా ఉంది."

"ఆడపిల్లా?"

"ఆడపిల్లే. నడుస్తోంది కూడా. మొన్ననే చూశాను. పైన రెండు పళ్ళొచ్చాయి."

అమ్మ గుండెల మీద చెయ్యి వేసుకుంది. "ముందు పై పళ్ళా! మేనమామకు గండం గదమ్మా!"

"అయ్యో కాదు కాదు, కింద పళ్ళు ముందే వచ్చాయమ్మా. అవి వచ్చాకే పైవి" అంది డాక్టరమ్మ కంగారుగా. అమ్మ తృప్తిగా తలూపింది. కాగితం నేను తీసుకుంటే, డాక్టరమ్మ చేతులు రెండూ అమ్మ తీసుకుని కళ్ళకద్దుకుంది.

ఆటోలో కూచున్నాక నాకు నోరు ఊరుకోలేదు. "ఆవిడకేం తెలుసే అమ్మా! ఎవరిదో తెలియదని మొదట్లోనే చెప్పింది గదా. నీకోసం నోటికొచ్చింది చెప్పింది."

"నాకు తెలియదట్రా?" అంది అమ్మ. ఆటో కాలవ వంతెన ఎక్కేదాకా బయటికి చూస్తూ కూచుంది. తరవాత అంది. "అప్పుడు నేను నిద్దర్లో ఉంటే నా పక్కలోంచి పిల్లని తీసుకుపోయారు. పిల్లేదీ, బాగుందా అని వచ్చినవాళ్ళనల్లా అడిగాను. అందరూ తలలొంచుకున్నారు. బాగుంది అని ఒక్కళ్ళు, ఒక్క పూటకైనా, అబద్ధానికైనా అన్లేదురా నాతో. ఇవాళ ఒకళ్ళన్నారు."

నా భార్య అమ్మ చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. కంట్లో కన్నీళ్ళు పడొచ్చో లేదో కూడా డాక్టరమ్మను అడగలేదు. భవానీపురంలో ఏ వీధండీ అని ఆటో అతను అడుగుతున్నాడు. ఇంకోసారి అడిగాడు. అమ్మే చెప్పింది.